ఖరీదైన రోజున ఖాళీ ఉండదు

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ ధర ఎంత పెరిగినా కిలో కిలోగానే ఉంటుంది. డబ్బు ఎక్కువ పోతుంది గానీ సరుకు తగ్గదు. హైదరాబాదు చుట్టుపక్కల థీమ్ పార్కుల్లో ఈ లెక్క తలకిందులు. టికెట్ రేటు ఎక్కువున్న రోజునే మీకు దొరికే సరుకు తక్కువ. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, మే నెల శనివారాలు: రేటు పెరిగేదీ అప్పుడే, జనం ఒకరి మీద ఒకరు పడేదీ అప్పుడే. మామూలు రోజుకన్నా ఎక్కువ కట్టి, గంటలకొద్దీ నిలబడి, నాలుగంటే నాలుగు రైడ్లు ఎక్కి ఇంటికొస్తాం. పక్కింటి వదిన "ఎట్లుండాది?" అని అడిగితే "బాగుంది గానీ, ఏం జనమొదినా!" అంటాం. ఆ జనాన్ని తప్పించుకోవడం ఎలాగో, తప్పించుకోలేని రోజున ఇంట్లోవాళ్ల మధ్య గొడవ లేకుండా గడుపుకోవడం ఎలాగో చూద్దాం.

మన కర్నూలు పక్క కల్లూరు వాళ్లకు ఈ విద్య హైదరాబాదు వాళ్లకన్నా ఎక్కువ అవసరం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే కుటుంబానికి ఈ ఆదివారం బాగాలేకపోతే వచ్చే నెలలో ఇంకో రోజుంది. పొద్దున అనుకుంటే మధ్యాహ్నం లోపల గేటు దగ్గరుంటారు. మనం హంద్రీ పక్క నుంచి బయల్దేరి, తుంగభద్ర దాటి, పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లలో కట్టుకుంటూ పోయి, శంషాబాద్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గానీ రావిర్యాల రాదు. పోను దాదాపు 200 కిలోమీటర్లు, రాను అంతే. 2016లో అక్కడ వండర్‌లా పార్కు తెరిచినప్పటి నుంచి మన పిల్లల నోట ఆ పేరే. అంతకు ముందు నుంచీ, అంటే 1996 నుంచీ, రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. దానికైతే అవుటర్ మీద ఇంకా ముందుకు పోయి విజయవాడ రోడ్డు పట్టుకోవాలి. బస్సులో పోయే ఇళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం, రాష్ట్రం దాటే సర్వీసులకు వర్తించదు. హైదరాబాదు బస్సుకు ఆడవాళ్లకూ టికెట్ లెక్క వేసుకోవాల్సిందే.

నలుగురున్న ఇంటికి పార్కు టికెట్లకే ఐదు వేల దగ్గర తేలుతుంది. పెట్రోలు, టోలు, దారి తిండి దాని మీద. ఈ దారి ఖర్చు రద్దీ రోజైనా ఖాళీ రోజైనా పైసా మారదు. అంటే మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ ఖర్చుకు ఎంత ఆట దొరుకుతుందన్నది. హైదరాబాదు మనిషికి రద్దీ రోజు ఒక చిరాకు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పోయే కల్లూరు కుటుంబానికి అది ఆ ఏడాది సరదా మొత్తం.

రేటు చెప్పే కబురు

పార్కుల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. రేటు ఎందుకు మారుతుందో తెలిస్తే కోపం తగ్గుతుందని నేననను. కానీ దాన్ని వాడుకోవడం తెలుస్తుంది. పార్కులో రైడ్లు నడిపే మనుషుల జీతాలు, నీళ్ల దగ్గర కాపలా కాసేవాళ్లు, మోటార్లు, శుభ్రం చేసే యంత్రాలు: వీటి ఖర్చు ఐదు వందల మంది వచ్చినా ఐదు వేల మంది వచ్చినా దాదాపు ఒకటే. అందుకని ఖాళీ రోజుల్లో రేటు తగ్గించి ఎవరో ఒకరిని లోపలికి రప్పించుకోవాలని చూస్తారు. సెలవు రోజుల్లో ఎంత పెంచినా వచ్చేవాళ్లు వస్తారు కాబట్టి పెంచుతారు. మధ్యలో పన్ను కూడా ఆటాడింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పార్కుల టికెట్ మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి దించారు. పన్ను దిగింది, రేటు మాత్రం ఏళ్ల మీద పైకే పోయింది.

రోజును బట్టి రేటు మార్చడం మన దగ్గర పుట్టిన పద్ధతి కాదు. 1955లో అమెరికాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పెద్దవాళ్లకు లోపలికి పోవడానికి ఒక డాలరు. 2016లో అక్కడ రోజును బట్టి రేటు పెట్టడం మొదలైంది. 2024లో బాగా రద్దీ ఉండే రోజుల టికెట్ 200 డాలర్లు దాటింది. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన పిల్లలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చూపించాలని తీసుకుపోతే, ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని నాయన రోజంతా ముఖం ముడుచుకుని కూర్చోవడం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన కథే.

అయినా మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పెద్ద హీరో సినిమా వస్తే ప్రభుత్వం జీవో ఇచ్చి మొదటి కొన్ని రోజులు రేటు పెంచుకోనిస్తుంది. ఆ రోజుల్లోనే హాలు దగ్గర తొక్కులాట. రెండు వారాలు ఆగితే రేటూ దిగుతుంది, ముందు వరసలో కాలు చాపుకునే చోటూ దొరుకుతుంది. అదే బొమ్మ, అదే తెర. అభిమానులకు ఈ మాట చెప్పి లాభం లేదు, వాళ్లు కొనుక్కునేది మొదటి రోజును. ఇంటిల్లిపాదితో పోయేవాళ్లకు మాత్రం ఇది చెప్పొచ్చు.

తిరుమలలో రద్దీ ఎంతుందో పొద్దున పేపరు చెబుతుంది. ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో రోజూ రాస్తారు. అది చూసి ప్రయాణం మార్చుకునేవాళ్లు కర్నూలులో ఎంతమందో. పార్కు రద్దీ వార్త ఏ పేపర్లోనూ రాదు. పార్కు వెబ్‌సైట్లో తేదీ పక్కన కనిపించే రేటే ఆ వార్త. టికెట్ కొనడానికి కాదు, ఊరికే ఒక పూట కూర్చుని రాబోయే రెండు నెలల తేదీల రేట్లు చూడండి. ఏ రోజు రేటు పెంచారో ఆ రోజు జనం వస్తారని వాళ్ల లెక్కల వాళ్లు ముందే తేల్చేశారన్న మాట. వాళ్లకున్న ఏళ్ల అనుభవం మీకు ఉచితంగా దొరుకుతోంది. మనం ఆ రేటు చూసి "అబ్బ, ఎంత పెంచారు" అని తిట్టుకుని అదే రోజుకు బుక్ చేసుకుంటాం.

జనం పెరిగితే సరుకు ఎంత తగ్గుతుందో ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక పార్కులో అన్ని రైడ్లూ కలిపి గంటకు 6,000 మందిని ఎక్కించుకోగలవని అనుకోండి. లోపల 3,000 మంది ఉంటే ఒక్కొక్కరికి గంటకు రెండు రైడ్లు. అదే 9,000 మంది ఉంటే మూడు గంటలకు రెండు. ఏడు గంటల రోజులో మొదటివాళ్లు 14 ఎక్కుతారు, రెండోవాళ్లు ఐదు కూడా ఎక్కలేరు. జనం మూడింతలైతే ఆట మూడో వంతుకు పడిపోతుంది. రైడ్లు మాత్రం అవే వేగంతో తిరుగుతుంటాయి. టికెట్ మీద రెండు మూడు వందలు ఎక్కువైందని బాధపడే మనం ఈ మూడో వంతు సంగతి లెక్కలోకే తీసుకోం. అసలు నష్టం అక్కడుంది.

తేదీ చేతిలో ఉన్నవాడు

కాబట్టి ఇక్కడ డబ్బున్నవాడికన్నా తేదీ చేతిలో ఉన్నవాడే గొప్పోడు. మన ఊళ్లో తేదీ ఎవరి చేతిలో ఉంది? కల్లూరు ఎస్టేట్‌లో మిల్లుకు పోయే మనిషికి వారంలో ఒక్క సెలవు. దుకాణం ఉన్నవాడికి దుకాణమే సంకెల. ప్రైవేటు బడి టీచరమ్మకు బడి సెలవులే సెలవులు. అందరం అవే నాలుగు రోజుల మీద పడతాం. కాబట్టి పొదుపు మొదలుపెట్టాల్సింది డబ్బుతో కాదు, సెలవుతో. ఉగాది నాడు పంచాంగం విన్నట్టే, జూన్‌లో బడి తెరిచిన వారంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఏడాదికి ఒకటో రెండో మామూలు పనిరోజులను పక్కన పెట్టుకోండి. మిల్లులో సూపర్‌వైజరుకు, బడిలో హెడ్‌మాస్టరుకు నెల ముందు చెబితే దొరికే సెలవు, ముందు రోజు రాత్రి అడిగితే దొరకదు.

ఏ తేదీలు? ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే "వారం మధ్యలో పోండి" అని అందరూ చెప్పే సలహా సగమే నిజం. నవంబరు నుంచి జనవరి దాకా బడుల విహారయాత్రల కాలం. ఆ నెలల్లో బుధవారం నాడు పోయినా పార్కు బయట పసుపు బస్సులు బారులు తీరి ఉంటాయి. ఒకే రంగు టీ షర్టులేసుకున్న వందలాది మంది పిల్లలు, వాళ్లను లెక్కపెట్టుకుంటూ గొంతు పోగొట్టుకున్న సార్లు. పనిరోజు అని మురిసిపోయి పోతే దెబ్బ తింటాం. ఏప్రిల్, మే సరే సరి, ఎండ తట్టుకోలేక నీళ్లున్న ప్రతిచోటికీ జనం పోతారు. నా ఓటు రెండు కాలాలకు. రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచాక జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఉండే మామూలు పనిరోజులు ఒకటి. పంద్రాగస్టునూ, దాని చుట్టూ వచ్చే వరుస సెలవులనూ వదిలేయాలి. వాన భయం ఉంది, నిజమే. ఉరుములు మెరుపులు వస్తే రైడ్లు ఆపేస్తారు, అందుకని రెండు రోజుల ముందు వాతావరణం చూసుకోవాలి. రెండోది ఫిబ్రవరి. శనగ ఇంటికొచ్చి, పత్తి తీత అయిపోయి సేద్యం చేసే ఇళ్లకు కాస్త ఊపిరాడే కాలం అది. పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్లకు పనికిరాదు. చిన్న తరగతుల పిల్లలకు ఇబ్బంది లేదు.

ఇంకొక కిటుకు మనలాంటి సరిహద్దు ఊళ్ల వాళ్లకే దక్కుతుంది. పార్కులున్నది తెలంగాణలో, మన సెలవులు ఆంధ్రప్రదేశ్‌వి. సంక్రాంతి సెలవులు సాధారణంగా మనకు ఎక్కువ రోజులు, దసరా సెలవులు బతుకమ్మతో కలిపి వాళ్లకు ఎక్కువ రోజులు. కాబట్టి మన సంక్రాంతి సెలవుల చివరి రోజుల్లో అక్కడ బడులు తెరిచి ఉండే అవకాశం ఉంది. దసరాకు మాత్రం మనకు సెలవులు రాకముందే అక్కడ రద్దీ మొదలవుతుంది. ఏటా తేదీలు మారతాయి కాబట్టి ఆ ఏడు రెండు ప్రభుత్వాలిచ్చిన ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మనకు సెలవూ వాళ్లకు బడీ ఉన్న రోజు ఒక్కటి దొరికినా చాలు, ఎవరినీ అడుక్కోకుండా పోయి రావచ్చు.

మంగళవారం ప్రయాణం వద్దని ఇంట్లో జేజి అంటుంది. వాదించకండి, బుధవారం పోండి. పిల్లవాడికి బడి మాన్పించాల్సి వస్తే జ్వరమని చీటీ రాయకండి. చిన్న తరగతుల బిడ్డ ఒకరోజు బడికి పోకపోతే చదువు పాడవదు. కానీ అమ్మానాన్న అబద్ధం రాయడం చూసిన బిడ్డ రేపు తనూ రాస్తుంది. "ఇంట్లోవాళ్లం కలిసి హైదరాబాదు పోతున్నాం" అని రాస్తే టీచరు మహా అయితే ముఖం చిట్లిస్తుంది.

"చూద్దాంలే" అనే మాట

పిల్లలతో వచ్చే చిక్కు ఇంకోటి. పక్కింటివాళ్లు పోయి వచ్చారు, వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెట్టారు. మనవాడు చూశాడు.

"నాయనా, మనమెప్పుడు పోతాం?"

"చూద్దాంలే."

ఈ 'చూద్దాంలే' మన ఇళ్లలో అన్ని కోరికలకూ వేసే తాళం. కాదనే ధైర్యం లేక, సరే అనే డబ్బు లేక అంటాం. పిల్లవాడు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని రోజూ అడుగుతాడు. అడిగిన కొద్దీ మనకు విసుగు. చివరికి ఒక ఆదివారం, జీతం వచ్చిన వారంలో, "పాండ్రా, ఈరోజే పోదాం, పీడా పోతాది" అని బయల్దేరతాం. అంటే అత్యంత ఖరీదైన, అత్యంత రద్దీ రోజున, ముందుగా బుక్ చేసుకుంటే వచ్చే రాయితీ లేకుండా, తిండికి సద్ది కట్టుకోకుండా పోతాం. వాయిదా వేసి వేసి చేసిన పని అన్నిటికన్నా ఎక్కువ ఖర్చుతో పూర్తవుతుంది.

దానికి బదులు తేదీ చెప్పండి. "వచ్చే ఆగస్టులో మూడో బుధవారం." గోడ మీది క్యాలెండర్లో పిల్లవాడి చేతనే గుర్తు పెట్టించండి. ఈ ఏడాది కుదరదనుకుంటే "ఈ ఏడాది లేదు, వచ్చే ఏడాది ఫిబ్రవరి" అని చెప్పండి. పిల్లలు లేదన్న మాటను ఓర్చుకుంటారు. ఎటూ తేల్చని మాటనే ఓర్చుకోలేరు. డ్వాక్రా సంఘంలో ఉన్న తల్లికి నెలనెలా చిన్న మొత్తం పక్కన పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. తేదీ తెలిస్తే ఎన్ని నెలలకు ఎంతో ఆమే తేల్చేస్తుంది.

తేదీ వేసే ముందు బిడ్డను గోడకు ఆనించి ఎత్తు కొలవండి. ఇది తమాషా కాదు. వండర్‌లా లాంటి చోట పిల్లల టికెట్‌కు వయసు కాక ఎత్తు చూస్తారు. పెద్ద రైడ్లకు కూడా ఎత్తు నియమం ఉంటుంది, చాలావాటికి 140 సెంటీమీటర్ల దరిదాపు. 'రోలర్ కోస్టర్ ఎక్కాలి' అని కలలు కంటున్న పిల్లవాడు రెండంగుళాలు పొట్టిగా ఉంటే గేటు దగ్గర కర్ర పెట్టి కొలిచి వెనక్కి పంపేస్తారు. అప్పుడు వాడి ఏడుపు ఎవరూ ఆపలేరు. ఒక ఏడాది ఆగితే వాడికి దొరికే ఆట ఎక్కువ. అలాగే నీళ్లలో దిగడానికి నైలాన్ దుస్తులు కావాలంటారు, నూలు బట్టలు పనికిరావు. కర్నూలులోనే కొనుక్కుని పోతే మేలు.

అన్నీ ఎక్కాలనే ఆత్రం

మన టౌన్లో ఎండాకాలం ఎగ్జిబిషన్ పెడతారు. లోపలికి పోవడానికి చిన్న టికెట్. జెయింట్ వీల్‌కు వేరే, కొలంబస్‌కు వేరే, బావిలో మోటార్ సైకిల్‌కు వేరే. పిల్లవాడు చేతిలో వంద నోటు పట్టుకుని ఏది ఎక్కాలా అని అరగంట తిరుగుతాడు. ఆ తిరగడంలోనే సగం సరదా అయిపోతుంది. తనకు ఏది కావాలో తనే తేల్చుకుని, రెండు ఎక్కి, తృప్తిగా ఇంటికొస్తాడు. డిస్నీల్యాండ్‌లో కూడా 1982 దాకా ఇదే తంతు, రైడ్లకు విడివిడి టికెట్లు పుస్తకంలా కుట్టి అమ్మేవాళ్లు. ఒకే టికెట్‌కు అన్నీ అనే పద్ధతి వచ్చాక ఎంచుకునే పని పోయింది, ఆత్రం వచ్చింది. ఇన్ని వేలు కట్టాం, అన్నీ ఎక్కాలి, లేకపోతే గిట్టదు.

ఈ గిట్టుబాటు జబ్బు మన ఒక్కళ్లదే కాదు. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక నాటకశాల సీజన్ టికెట్లతో ఒక పరీక్ష పెట్టారు. టికెట్ కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి చెప్పకుండా తగ్గించి ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ అవే. తేడా అంతా కట్టిన డబ్బు గుర్తుండటంలో ఉంది. గేటు దాటిన తర్వాత ఆ డబ్బు తిరిగి రాదు. పది రైడ్లెక్కినా రాదు, రెండెక్కినా రాదు. కానీ దాన్ని వసూలు చేసుకోవాలని నాయన పిల్లల చెయ్యి పట్టి లాక్కుంటూ, అమ్మ వెనక సంచి మోసుకుంటూ, "ఇది అయిందా, అదింకా కాలేదు" అంటూ పరుగులు పెడతారు. మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

దీనికి మందు ఆ ఎగ్జిబిషన్ పద్ధతే. పోయే ముందు రాత్రి ఒక్కొక్కరూ తప్పకుండా ఎక్కాల్సినవి రెండేసి చెప్పాలి. అమ్మ కూడా చెప్పాలి, "నాకేముందిలే" అనకూడదు. అవి అయిపోతే రోజు గెలిచినట్టే, తర్వాత దొరికిందంతా మిగులు. చిన్నది అలల కొలను దగ్గరే కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. డబ్బు దండగైందని మీకనిపిస్తుంది. దానికి మాత్రం ఆ రోజంతా ఆ నీళ్లే గుర్తుంటాయి.

క్యూలో

వరుసలో నిలబడే ముందు ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. ఒక విడతకు ఎంతమంది ఎక్కుతున్నారు, ఒక విడత దిగి ఇంకో విడత బయల్దేరడానికి ఎంతసేపు పడుతోంది. 24 మంది, నాలుగు నిమిషాలు అయితే గంటకు 360 మంది. మీ ముందు దాదాపు 180 మంది ఉంటే అరగంట. 400 మంది ఉంటే గంట దాటుతుంది, ఇంకోటి చూసుకోండి. ఈ పని పిల్లవాడికి అప్పజెప్పండి, లెక్కల మాస్టారు నేర్పలేని భాగహారం వస్తుంది. డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో క్యూల మనస్తత్వం మీద ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికన్నా పొడుగ్గా అనిపిస్తుందనీ, పని లేని సమయం పని ఉన్న సమయంకన్నా నెమ్మదిగా గడుస్తుందనీ అందులో అంటాడు. లెక్క కట్టుకున్న కుటుంబానికి ఆ రెండు బాధలూ తగ్గుతాయి.

తిండి వేళ తప్పించండి. బయటి తిండి లోపలికి రానివ్వని పార్కుల్లో ఒంటిగంట నుంచి రెండున్నర దాకా హోటల్ దగ్గరా రైడ్లంత క్యూ. దారిలో ఉగ్గాని బజ్జీ తిని, కట్టుకుపోయిన చిత్రాన్నం గేటు తెరవకముందే పార్కింగ్‌లో లాగించేస్తే, అందరూ అన్నం కోసం నిలబడిన వేళ మీరు పెద్ద రైడ్ దగ్గరుంటారు. గేటు తెరవగానే ఎదురుగా కనిపించే మొదటి రైడ్ మీద అందరూ పడతారు. మీరు అన్నిటికన్నా దూరంగా ఉన్నదాని నుంచి మొదలుపెట్టండి.

రద్దీ రోజున మీ ముందుకు ఇంకో ప్రలోభం వస్తుంది, ఎక్కువ కట్టి క్యూ దాటే ఫాస్ట్‌ట్రాక్ టికెట్. తిరుమల 300 రూపాయల దర్శనం తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకరు ముందుకు పోతే ఇంకొకరు అంత వెనక్కి పోతారు. కొనుక్కోవడం తప్పా అంటే, ఆ మనిషి ఒక్కరోజు కోసం 200 కిలోమీటర్ల నుంచి వచ్చి, వేరే తేదీ దొరకనివాడైతే నేను తప్పుపట్టను. కానీ ఆ డబ్బు ఎంతో చూడండి. ఒక రోజు జీతం కోసుకుని పనిరోజున వచ్చి ఉంటే అంతకన్నా తక్కువలో పోయేదేమో.

జనం మధ్య పిల్లల సంగతి మాత్రం లెక్కలతో తేలేది కాదు. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాటను, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర జరిగిన తొక్కిసలాటను తెలుగువాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. పార్కు వాటికన్నా పద్ధతిగానే ఉంటుంది. అయినా చిన్నపిల్లల చేతి మీద ఫోను నంబరు పెన్నుతో రాయండి. నీళ్లకు చెరిగిపోతుంది కాబట్టి మధ్యలో మళ్లీ రాయాలి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో లోపలికి పోగానే చూపించండి. జనం తోసుకుంటున్న చోట 'మన వంతు పోతుంది' అని లోపలికి దూరకండి, పక్కకు జరగండి.

ఇక జేజి సంగతి. "నేనొచ్చి ఏం జేయాల నాయనా, మీరు పోయి రాండి" అంటుంది. మర్యాదకు అంటోందనుకుని బలవంతంగా బయల్దేరదీస్తాం. లోపలికి పోయే ప్రతి మనిషికీ టికెట్ కొనాలి, రైడ్ ఎక్కినా ఎక్కకపోయినా. పెద్దవాళ్లకు కాస్త రాయితీ ఉన్నా, సంచులకు కాపలాగా చెట్టు కింద కూర్చోబెట్టడానికి అది పెద్ద మొత్తమే. ఆమెను తీసుకుపోవాలని నిజంగా ఉంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఎంచుకోండి. అక్కడ బస్సులో తిప్పుతారు, కూర్చుని చూసేవి ఉంటాయి. నీళ్ల పార్కుకైతే ఆమె మాట నమ్మండి. మిగిలిన ఆ టికెట్ డబ్బుతో కార్తీకంలో యాగంటికి తీసుకుపోండి, సోమవారం మాత్రం వద్దు.